బూడిద, గుల్లతనం, శ్రమ

తెలుగులో 'గుల్ల' అనే మాటకు మంచి పేరు లేదు. అప్పుల్లో కూరుకుపోయిన సంసారాన్ని చూసి ఇల్లు గుల్లయిందంటాం. చాకిరీతో చితికిన మనిషికి ఒళ్ళు గుల్లయిందంటాం. చెదపట్టిన దూలం గుల్ల, పుచ్చిన పన్ను గుల్ల. లోపల ఉండవలసింది లేకపోవడమే గుల్లతనం. అయితే మట్టిని కాల్చే విద్యలో ఈ లేమికే విలువ కట్టే శాఖ ఒకటుంది. ఒక ముక్కలో ఎంత ఖాళీ ఉంది, ఆ ఖాళీలు ఏ సైజువి, ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీలోకి దారి ఉందా లేదా అన్నవే అక్కడి ప్రశ్నలు. శాస్త్రగ్రంథాల్లో ఈ పదార్థాలకు సచ్ఛిద్ర మృణ్మయాలని పేరు. ఈ వ్యాసంలో గుల్ల సిరామిక్ అందాం. ఎండాకాలం మన ఇళ్ళలో నీళ్ళు చల్లబరిచే కుండ దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. కుండకు నున్నగా గ్లేజు పూస్తే ఆ పని ఆగిపోతుంది.

కరిగిన ఇనుములోంచి మడ్డిని వడగట్టే జల్లెళ్ళు, డీజిల్ బండి పొగలోని మసిని పట్టే తేనెతుట్టె దిమ్మలు, కొలిమి గోడల్లో వేడిని నిలిపే తేలిక ఇటుకలు, తాగునీటి వడపోత కుండలు అన్నీ ఈ కుటుంబంలోవే. ఇటీవలి దశాబ్దాల్లో వీటిని ఫ్యాక్టరీలు పారబోసే బూడిద, చిట్టెం, గాజుపెంకు, రెడ్ మడ్ లాంటి వాటితో తయారుచేసే ప్రయత్నాలు ప్రపంచమంతటా ముమ్మరంగా జరుగుతున్నాయి. సాహిత్య పత్రికలో బట్టీల గొడవ ఏమిటని అడిగేవాళ్ళకు ఒక్కటే జవాబు. మన కథల్లో, కవిత్వంలో పొగగొట్టం కనిపించినంతగా బూడిద చెరువు కనిపించదు. పొగను ప్రతీకగా వాడుకోవటానికి దాని రసాయనం తెలియకపోయినా గడిచిపోతుంది. బూడిద చెరువు పక్కన బతికేవాళ్ళ గురించి రాయాలంటే మాత్రం బూడిద అంటే ఏమిటో, అది ఏమవుతుందో, ఎవరు దాన్ని ఏం చేస్తున్నారో తెలియాలి.

ముందుగా ఒక పాత సంగతి. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినట్టు 1213 నాటి శాసనం చెబుతోంది. యునెస్కో 2021లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు పత్రికలన్నీ శిల్పాల గురించే రాశాయి. మా దృష్టిలో అంతకంటే గొప్పది గుడి శిఖరం. దాన్ని నీటిలో తేలే ఇటుకలతో కట్టారు. కింది గోడల మీద, ఇసుక నింపిన పునాది మీద బరువు తగ్గించే ఉపాయమది. మట్టిలో ఊక లాంటి కాలిపోయే పదార్థాన్ని కలిపి కాల్చి ఉంటారని పరిశోధకుల అంచనా. పొట్టు కాలిపోయి అది ఉన్న చోటు మిగిలింది. ఆ ఇటుక కోసిన కుమ్మరుల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

ఇరవయ్యో శతాబ్దపు కథ ఇంకోటుంది. అమెరికాలోని కాన్సస్ సిటీలో స్టీఫెన్ హేడ్ అనే ఇటుకల తయారీదారు ఉండేవాడు. బట్టీలో వేడి మితిమీరినప్పుడు కొన్ని ఇటుకలు రొట్టెలా ఉబ్బి వంకరపోయేవి. అలాంటివాటిని ఏ బట్టీలోనైనా పక్కన పారేస్తారు. ఆయన వాటిని తూచి, విరిచి చూశాడు. బరువు తక్కువ, గట్టిదనం బాగానే ఉంది. మట్టి మెత్తబడి జిగురుగా మారే వేళకే లోపలి ఇనుప ఆక్సైడు, కర్బనం నుంచి వాయువులు పుడితే, అవి బయటికి పోలేక బుడగలై నిలిచిపోతాయి. 1918లో ఆయన ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. ఉబ్బిన మట్టిని కంకరగా వాడి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాంక్రీటు ఓడలే కట్టారు. 1919లో నీటిలోకి దిగిన 'సెల్మా' అనే ఓడ శిథిలం టెక్సాస్‌లోని గాల్వెస్టన్ దగ్గర ఇప్పటికీ సగం మునిగి ఉంది. తీసిపారేసిన ఇటుకకూ ఓడ కట్టిన ఇటుకకూ పదార్థంలో తేడా ఏమీ లేదు. మారింది దాన్ని అడిగిన పని. 'వ్యర్థం' అన్న మాట పదార్థ గుణాన్ని చెప్పదు. ఫలానా లెక్కల పుస్తకంలో, ఫలానా రోజున దానికి కట్టిన వెలను చెబుతుంది. ఈ వ్యాసం చెప్పదలచిన విషయం ఇదే. మిగతాదంతా దీనికి బట్టీలో దొరికే సాక్ష్యం.

ఇక బూడిద సంగతి. తెలుగునేల మీద పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాలు 1966లో కొత్తగూడెంలో, 1979లో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, 1983లో రామగుండం ఎన్‌టీపీసీలో పని ప్రారంభించాయి. మన బొగ్గులో మట్టి పాలు ఎక్కువ. వంద టన్నులు కాలిస్తే ముప్పై, నలభై టన్నుల బూడిద మిగులుతుంది. దేశం మొత్తం మీద ఏటా పోగుపడేది 20 కోట్ల టన్నులకు పైమాటే. ఇందులో అయిదో వంతు బరువుగా కొలిమి అడుగున పడుతుంది. మిగతాది పొగతో పాటు పైకి లేస్తుంది. దాన్ని విద్యుత్ క్షేత్రాలతో పట్టి దింపుతారు. దీన్నే ఫ్లైయాష్ అంటారు. చేతిలోకి తీసుకుంటే ముఖానికి రాసుకునే పౌడరులా ఉంటుంది.

సూక్ష్మదర్శినిలో చూస్తే ఇది పొయ్యిలోని కట్టెల బూడిదకు పోలికే లేదు. అన్నీ గుండ్రటి గోళీలు. బొగ్గుపొడిలోని మట్టి రేణువు మంటలో తేలుతూనే కరిగి బొట్టవుతుంది, తేలుతూనే గడ్డకడుతుంది. వాన చినుకులా గుండ్రంగా ఉండటానికి కారణమదే. కొన్ని బొట్లలో వాయువు చిక్కి లోపల డొల్లగా మిగిలిపోతాయి. వీటికి సినోస్ఫియర్లని పేరు. బూడిద చెరువు నీటి మీద తెల్లని తెట్టులా తేలేవి ఇవే. తేలికైన, వేడికి తట్టుకునే పూరకంగా వీటికి మంచి గిరాకీ ఉంది. గుల్లతనాన్ని మంట తనంతట తానే తయారుచేసి పెట్టిందన్నమాట.

రసాయనంగా చూస్తే మన ఫ్లైయాష్‌లో సగానికి పైగా సిలికా, పావు వంతు అటూ ఇటూగా అల్యూమినా, మిగతాది ఇనుప ఆక్సైడు, సున్నం వగైరా. ఇది దాదాపు కాల్చిన మట్టి లెక్కే. అల్యూమినా మూడు పాళ్ళు, సిలికా రెండు పాళ్ళు అణువుల లెక్కన కలిస్తే ముల్లైట్ అనే స్ఫటికం ఏర్పడుతుంది. స్కాట్లండులోని మల్ దీవి పేరు మీద దానికా పేరు వచ్చింది. సూదుల్లాంటి ఆ స్ఫటికాలు ఒకదాన్నొకటి అల్లుకుని వేడికీ, ఆమ్లాలకూ లొంగకుండా నిలబడతాయి. బూడిదలో అల్యూమినా కొంత తక్కువ గనక బాక్సైట్ పొడో, అల్యూమినియం కార్ఖానా మడ్డో కలిపి ఆ లోటు పూడుస్తారు. తక్కువ వేడిలోనే కరిగి అతుక్కోవాలంటే క్షారం గల రెడ్ మడ్ కొద్దిగా చేరుస్తారు. 2010 అక్టోబరు 4న హంగరీలోని అయ్కాలో కట్ట తెగి, ఊళ్ళ మీద పడి పదిమందిని పొట్టనబెట్టుకున్న ఎర్రబురద ఇదే.

గుల్ల చేయటానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది రామప్ప దారి. బూడిదలో కొంచెం బంకమట్టి, దానితోపాటు రంపపుపొట్టో, వరి ఊకో, పిండి పదార్థమో కలిపి అచ్చు వేసి కాలుస్తారు. కలిపింది పోయి దాని ఆకారం మిగులుతుంది. పొట్టును ఏ జల్లెడ పట్టామో రంధ్రం ఆ సైజుకు వస్తుంది. ఊకకు ఒక విశేషముంది. కాలగా అయిదో వంతు బూడిదగా మిగులుతుంది, అందులో నూటికి తొంభై పాళ్ళు సిలికాయే. అంటే ఊక ఖాళీని ఇచ్చిపోతూ ఆ ఖాళీ గోడకు కొంత సరుకు కూడా వదిలిపోతుంది. కోనసీమ బట్టీల్లో ఇటుకలను ఊకతో కాల్చేవాళ్ళకు ఇది కళ్ళతో చూసిన సంగతే.

రెండోది స్పాంజి దారి. పరుపుల్లో వాడే పాలియురేథేన్ స్పాంజి ముక్కను బూడిద జావలో ముంచి, పిండి, ఆరబెట్టి కాలుస్తారు. స్పాంజి కాలిపోతుంది, దాని పోగుల మీద పట్టిన పూత గట్టిపడి స్పాంజి రూపంలోనే నిలుస్తుంది. 1963లో అమెరికాలో పేటెంటు పొందిన పద్ధతి ఇది. ఫౌండ్రీల్లో కరిగిన లోహాన్ని వడగట్టేది ఎక్కువగా ఇలాంటి దిమ్మలతోనే. మూడోది నురగ దారి. జావలో సబ్బులాంటి పదార్థమో, కోడిగుడ్డు తెల్లసొన లాంటి ప్రోటీనో వేసి గిలక్కొట్టి, నురగ చావకముందే గట్టిపరిచి కాలుస్తారు.

మాటల్లో ఇంత సులువుగా ఉన్నది బట్టీలో అంత సులువు కాదు. 200 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిని చాలా నెమ్మదిగా పెంచాలి. తొందరపడితే పొట్టు నుంచి పుట్టే వాయువులు దారి దొరక్క ముక్కను నెర్రెలు విచ్చేలా చేస్తాయి. ఆపైన 1000, 1200 డిగ్రీల దగ్గర జరిగేది సింటరింగ్. రేణువులు పూర్తిగా కరగవు. ఒకదానికొకటి తగిలిన చోట మాత్రమే మెత్తబడి అతుక్కుంటాయి. ఆ అతుకుకు మెడ అని పేరు. మెడలు సన్నగా ఉంటే ముక్క చేతిలోనే రాలిపోతుంది. మరీ లావెక్కితే రేణువుల మధ్య సందులు పూడి గుల్లతనమే పోతుంది. ఈ రెంటికీ నడుమ ఉండేది కొద్దిపాటి వేడి తేడా, కొద్దిసేపటి వ్యవధి. ఆ క్షణాన్ని పట్టుకోవటానికి ఈనాడు పరికరాలున్నాయి. వాటికి ముందు మంట రంగు చూసి చెప్పే బట్టీ కార్మికుడి కన్ను ఉండేది. చాలా బట్టీల్లో ఇంకా అదే ఉంది.

ఎంత గుల్ల అయిందో కొలవటం సాహిత్య విద్యార్థులు కూడా చేయగల పని. పొడి ముక్కను తూచండి, వంద గ్రాములనుకుందాం. నీళ్ళలో ఉడకబెట్టి రంధ్రాలన్నీ నీటితో నింపి, పైతడి తుడిచి తూచండి, నూట నలభై. అదే ముక్కను నీటిలో వేలాడదీసి తూచండి, అరవై. నూట నలభై నుంచి వంద తీసేస్తే నలభై. అది ఖాళీల కొలత. నూట నలభై నుంచి అరవై తీసేస్తే ఎనభై. అది మొత్తం ముక్క కొలత. సగానికి సగం గుల్లన్నమాట. అయితే నీరు చొరబడిన ఖాళీలే ఈ లెక్కలోకి వస్తాయి, దారిలేని బుడగలు రావు. వడపోతకు దారులున్న ఖాళీ కావాలి. వేడిని ఆపటానికి దారులు మూసుకున్న ఖాళీ కావాలి. పనికిరాని గాజుపెంకులను పొడిచేసి, చిటికెడు సిలికాన్ కార్బైడు కలిపి 800, 900 డిగ్రీల దగ్గర పొంగించిన నురగ గాజు రెండో రకం. నార్వేలోనూ స్విట్జర్లండులోనూ దాన్ని రోడ్ల కింద తేలిక కంకరగా పరుస్తున్నారు.

ఖాళీకి బలం మూల్యం. సగం గుల్ల అయిన ముక్క బలం సగానికి పడితే బాధ లేదు. చాలా సందర్భాల్లో పదో వంతుకో, అంతకంటే తక్కువకో పడిపోతుంది. గుల్ల సిరామిక్ పరిశోధనలో పెద్ద భాగం ఈ బేరం చుట్టూనే తిరుగుతుంది.

పత్రికల్లో 'వ్యర్థం నుంచి సంపద' అనే శీర్షిక కింద వచ్చే వార్తలు సాధారణంగా తేలిగ్గా దాటేసే విషయం విషం. బొగ్గులో లేశమాత్రంగా ఉన్న ఆర్సెనిక్, సీసం, క్రోమియం, సెలీనియం, చివరికి యురేనియం, థోరియం కూడా బొగ్గు కాలిపోయాక బూడిదలో చిక్కబడతాయి. కాల్చితే ఇవన్నీ గాజులో బందీ అవుతాయని చెప్పేది చాలావరకు నిజం. అంతా నిజం కాదు. కొన్ని బట్టీ వేడికి ఆవిరై పొగగొట్టం గుండా పోతాయి. క్రోమియం విషయంలో ఇంకో చిక్కుంది. గాలి బాగా ఆడే బట్టీలో, సున్నమూ క్షారాలూ ఉన్నచోట, అంతగా హానిచేయని మూడో స్థితి క్రోమియం నీటిలో కరిగే విషపు ఆరో స్థితికి మారవచ్చు. అందుకే తయారైన ముక్కను పొడిచేసి, పలుచని ఎసిటిక్ ఆమ్ల ద్రావణంలో పద్దెనిమిది గంటలు గిలకరించి ఏమేం దిగిందో చూసే పరీక్ష ఉంది. గోడలో పెట్టే ఇటుకకే ఈ పరీక్ష అవసరం. తాగునీరు వడగట్టే దిమ్మకైతే ఇది లేకుండా ఒక్క అడుగు ముందుకు వేయకూడదు.

మార్క్స్ ఈ విషయం మీద రాశాడు. ఎంగెల్స్ 1894లో ప్రచురించిన 'పెట్టుబడి' మూడో సంపుటంలో అయిదో అధ్యాయం స్థిరపెట్టుబడి వినియోగంలో పొదుపు గురించి. అందులో ఒక భాగం ఉత్పత్తి విసర్జనలను తిరిగి వాడుకోవడం మీద. వ్యర్థం పెద్దయెత్తున ఒకచోట పోగుపడాలి, దాన్ని మలిచే యంత్రాలు రావాలి, దాని గుణాలను రసాయనశాస్త్రం బయటపెట్టాలి, అప్పుడే అది మళ్ళీ ఉత్పత్తిలోకి వస్తుందని అక్కడ చెబుతాడు. బూడిద చరిత్ర ఈ మూడు మెట్ల మీదుగానే నడిచింది. చాలామంది ఇక్కడ ఆగిపోయి, మార్క్స్ పర్యావరణవాది అని సంతోషిస్తారు. అదే అధ్యాయంలో ఇంకో భాగముంది. గనుల్లో, కర్మాగారాల్లో గాలికీ, వెలుతురుకూ, భద్రతకూ పెట్టవలసిన ఖర్చు మిగిల్చి కార్మికుడి ఊపిరి మీద చేసే పొదుపు గురించిన భాగమది. వ్యర్థాన్ని పొదుపు చేయడం, మనిషిని పొదుపు చేయడం ఒకే అధ్యాయంలో పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికం కాదు. యజమాని లెక్కల్లో రెండూ ఒకే పద్దు.

అమెరికాలోని టెనెసీలో 2008 డిసెంబరు 22న కింగ్‌స్టన్ విద్యుత్ కేంద్రం బూడిద కట్ట తెగి నలభై లక్షల ఘనపు మీటర్లకు పైగా బూడిదబురద ఊరి మీదా నది మీదా పడింది. ఆ రోజున ఎవరూ చనిపోలేదు. తర్వాత ఏళ్ళ తరబడి ఆ బూడిదను ఎత్తిపోసిన కార్మికులు జబ్బుపడ్డారు. 2018లో నాక్స్‌విల్ ఫెడరల్ కోర్టులో జ్యూరీ వాళ్ళ పక్షాన తేల్చింది. మనదగ్గర మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ జిల్లా సాసన్‌లో 2020 ఏప్రిల్ 10న కట్ట తెగినప్పుడు ఆరుగురు కొట్టుకుపోయారు. కట్ట తెగని చోట్ల కూడా దుమ్ముంది. రేణువు ఎంత సన్నగా ఉంటే సింటరింగ్‌కు అంత మంచిది, ఊపిరితిత్తికి అంత చెడ్డది. గుల్ల దిమ్మలను కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు లేచేది సిలికా దుమ్ము. 1948 ఫ్యాక్టరీల చట్టమే సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చింది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా ప్రాంతాల నుంచి అడ్వాన్సుల కింద పెద్దపల్లి బట్టీలకు వచ్చే కుటుంబాలకు ఆ జాబితా ఏ రోజూ అక్కరకు రాలేదు.

వ్యర్థానికి వెల ఎలా పుడుతుందో మన చట్టాల్లోనే చూడవచ్చు. 1999లో కేంద్ర ప్రభుత్వం విద్యుత్ కేంద్రాలు పదేళ్ళపాటు బూడిదను ఉచితంగా ఇవ్వాలని, యాభై కిలోమీటర్ల లోపలి ఇటుక బట్టీలు మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలని ఉత్తర్వు తెచ్చింది. ఆ దూరం 2003లో వందకు, 2016లో మూడువందలకు పెరిగింది. ఈ లోపల సిమెంటు కంపెనీలు బూడిద రుచి మరిగాయి. 2009 సవరణ బూడిదను అమ్ముకునే వీలు కల్పించింది, పొడి బూడిదలో 20 శాతం మాత్రం ఇటుకల యూనిట్లకు ఉచితంగా కేటాయించాలంది. 2024లో కడప జిల్లా ఆర్‌టీపీపీ బూడిద లారీల కోసం నాయకులు వీధిన పడి తగవులాడుకోవడం పత్రికల్లో చూశాం. పాతికేళ్ళ కిందట వదిలించుకోలేక తలపట్టుకున్న సరుకు అది.

మరి ముల్లైట్ వడపోత దిమ్మలు ప్రయోగశాల గడప ఎందుకు దాటడం లేదు? బూడిద ఏ రోజుకారోజు మారుతుంది. బొగ్గు ఏ గనిదో, కొలిమి ఎలా మండిందో దాన్ని బట్టి పాళ్ళు మారిపోతాయి. నిన్నటి వేడికి కుదిరింది నేటి బూడిదకు కుదరదు. పైగా 1200 డిగ్రీలకు ఇంధనం కావాలి. బొగ్గు బూడిదను బాగుచేయటానికి మళ్ళీ బొగ్గు కాల్చడమంటే కొత్త బూడిదను పుట్టించడమే. అన్నిటికీ మించి పరిమాణం సమస్య. ఎన్ని లక్షల వడపోత దిమ్మలు చేసినా కోట్ల టన్నుల ముందు అది చిటికెడు. గుట్టలను కరిగించగలిగినవి సిమెంటు, రోడ్లు, పాడుబడిన గనులు, ఇటుకలు. విశాఖలో భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు రూపొందించిన ఫాల్-జి పద్ధతి బూడిద, సున్నం, జిప్సంతో అసలు కాల్చకుండానే ఇటుకను గట్టిపరుస్తుంది. అది సిరామిక్ కాదు, గుల్లా కాదు. బట్టీ లేకపోవడమే దాని బలం.

గుల్ల సిరామిక్ నిజంగా జనంలోకి వెళ్ళిన దారి ఇంకో దేశంలో ఉంది. గ్వాటెమాలాలో ఫెర్నాండో మజారిగోస్ 1981లో ఒక వడపోత కుండను రూపొందించాడు. బంకమట్టిలో జల్లెడ పట్టిన రంపపుపొట్టు కలిపి, అచ్చులో ఒత్తి, దాదాపు 900 డిగ్రీల దగ్గర కాల్చి, పలుచటి వెండి ద్రావణం పూస్తారు. కోత మిల్లు పొట్టు, మరబట్టే చోట ఊక, ఏది దొరికితే అది. 1998లో మిచ్ తుపాను నికరాగ్వాను ముంచెత్తిన తర్వాత రాన్ రివేరా అనే కుమ్మరి ఈ విద్యను దేశదేశాలకు మోసుకెళ్ళాడు. పేటెంటు జోలికి పోకుండా పాళ్ళనూ, అచ్చు కొలతలనూ అడిగినవాళ్ళందరికీ పంచిపెట్టాడు. నైజీరియాలో ఒక కార్ఖానా నెలకొల్పడానికి వెళ్ళి, అక్కడ సోకిన మలేరియాతో 2008లో చనిపోయాడు. కంబోడియాలో ఈ కుండలను వరి ఊకతోనే చేస్తారు.

ఈ కుండ సర్వరోగ నివారిణి ఏమీ కాదు. బాక్టీరియాను బాగా ఆపుతుంది, వైరస్‌లను అంతగా ఆపలేదు. నల్లగొండ నీళ్ళలోని ఫ్లోరైడును ఇది తాకను కూడా తాకదు. కరిగి ఉన్న లవణానికి రంధ్రం ఎంత సన్నదైనా అడ్డు కాదు. మనదగ్గర ఎవరైనా ఈ కుండను ఫ్లోరైడు ఊళ్ళకు మందుగా అమ్మజూపితే అది మోసం.

ఆ కార్ఖానాల్లో నమ్మకం కుదిర్చేది ఒక మామూలు పరీక్ష. ప్రతి కుండనూ నీటిలో నానబెట్టి, అంచుదాకా నింపి, గంటకు ఎంత కారిందో కొలుస్తారు. లీటరు నుంచి రెండున్నర లీటర్ల లోపు కారాలి. అంతకంటే తక్కువ కారితే రంధ్రాలు పూడిపోయాయని అర్థం. అంతకంటే వేగంగా కారితే ఎక్కడో కంటికి కనపడని బీట ఉందని అర్థం. వేగంగా కారిన కుండను ఎవరూ పొరపాటున ఇంటికి పట్టుకుపోకుండా అక్కడికక్కడే పగలగొడతారు.